ఈనెతో కొలిచిన కత్తి

"మామ్మా, కొబ్బరిబొండాలు కొట్టుకునే కత్తి చేయించుకోవాలంటే పొడుగు ఎంత పెట్టించాలి?"

(అడిగింది నేనే. అమలాపురంలో మా ఆయనా నేనూ కొత్తగా అద్దెకి దిగిన ఇంటి వెనకాల రెండు కొబ్బరిచెట్లున్నాయి. కత్తి చేయించుకుందామని కొలిమి దగ్గరికి వెళ్తే కమ్మరి "ఎంత పొడుగు పెట్టమంటారండీ" అన్నాడు. "మామూలుగా పెట్టండి" అన్నాను. నన్ను పైనించి కిందికి ఒకసారి చూసి "మామూలంటే ఎంతండీ" అన్నాడు. ఇంక లాభం లేదని సఖినేటిపల్లి వచ్చి, మామ్మ ముందు సెల్లు పెట్టి, రికార్డు నొక్కి కూచున్నాను. పక్కన మడతకుర్చీలో తాతయ్య పేపరు చదువుతున్నారు. చదువుతున్నారనే అనుకుందాం.)

ఎవరూ, నువ్వా కత్తి పట్టేది? వంకాయలు తరగమంటే వంకాయ ఒకటీ, వేలు ఒకటీ తరిగేదానివి. సర్లే, మూతి ముడవకు. అడిగేవు గాబట్టి చెప్తాను. ఆ సెల్లు కాస్త అవతలికి జరుపు. అంత దగ్గరగా పెడితే డాక్టరు నాలిక చాపమన్నట్టుంది నాకు.

పొడుగు ఎంతా అన్నావు గదా. అది నోటితో చెప్పేది కాదే. నువ్వు జాకెట్టు కుట్టించుకోడానికి వెళ్ళి "మామూలుగా కుట్టండి" అని వచ్చేస్తావా? ఆది జాకెట్టు పట్టుకెళ్ళి ఇస్తావు. కత్తీ అంతే. ఎవరి చెయ్యి, ఏం కొడతారు, నిలబడి కొడతారా, కూచుని కొడతారా, అవన్నీ ఉంటాయి. నాకు మాత్రం పుట్టుకతో తెలుసా ఏంటి? రెండు కత్తులు తగలేసేక తెలిసింది. ఆ రెండూ ఎలా తగలడ్డాయో మీ తాతగార్ని అడుగు. అదిగో, పేపరు పైకెత్తేరు చూడు. ఇందాకటిదాకా ఒళ్ళో ఉంది.

అప్పుడు నువ్వు నాలుగో క్లాసో, ఐదో క్లాసో. కొబ్బరికి నల్లి పట్టింది, గుర్తుందా? నీకెందుకు గుర్తుంటుంది, నీకు ఐసుఫ్రూటు తప్ప ఏం గుర్తుంటుంది. కంటికి కనపడని పురుగమ్మా అది. కాయ పిందెగా ఉన్నప్పుడే ముచ్చిక కింద చేరి గీకేసేది. కాయ పెరిగేసరికి ఒళ్ళంతా మచ్చలు, ముడతలు, బెరడు కట్టేసి, మశూచికం పోసిన మొహంలాగ అయిపోయేది. మా చెట్లకి వచ్చింది, మా పక్కవాళ్ళ చెట్లకి వచ్చింది, మా చెల్లెలు కోడల్ని తెచ్చుకుంది చూడు, ఆ మురమళ్ళ వాళ్ళ చెట్లకీ వచ్చింది. ఆ కోడలు మంచి పిల్లే పాపం, కాకపోతే చారులో... సరే, అది వేరే కథ.

కాయల వ్యాపారి వచ్చేవాడు. చెట్టుకింద నిలబడి పైకి చూసేవాడు. కాఫీ ఇస్తే తాగేవాడు. "ఆయ్, చూద్దామండీ" అని వెళ్ళిపోయేవాడు. మనవైపు "చూద్దామండీ" అంటే ఏంటో తెలుసుగా. ఇంక ఈ జన్మకి రాడని.

నేనో రోజు ఒక బొండం దింపించి కొట్టించి తాగేను. పైన ఒళ్ళు అలా ఉంది గానీ నీళ్ళు పంచదార పానకం. ఓహో, రోగం చొక్కాకే గానీ మనిషికి కాదన్నమాట అనుకున్నాను. మన రేవులో గోదారి దాటించే పంటు కోసం జనం ఎండలో అలా నిలబడి ఉంటారు గదా. ఇటునించి నర్సాపురం వెళ్ళేవాళ్ళూ, అటునించి వచ్చి అంతర్వేది వెళ్ళేవాళ్ళూ. వాళ్ళకి బొండాలు కొట్టి అమ్ముదాం అన్నాను మీ తాతగారితో.

అబ్బో, ఏం కోపమో. "మా తాతగారు మునసబు చేసేరు. ఆ ఇంటి కోడలు రేవులో కూచుని బొండాలు కొడుతుందా?" అన్నారు. "అయితే మునసబు గారి మనవడే కొట్టండి" అన్నాను. కొట్టేరు, పాపం. ఒక్క బొండం కొట్టేరు. సగం నీళ్ళు పంచె మీద, సగం నీళ్ళు నేలమీద, తాగుదామని నిలబడ్డవాడికి ఖాళీ బొండం. "మిగతావి నువ్వు చూసుకో" అని కత్తి అక్కడ పెట్టేసి వెళ్ళిపోయేరు.

అలా కూచున్నానమ్మా రేవులో. బాదంచెట్టు కింద, పంటు దిగే దారికి ఎదురుగా. చిన్న తాటాకు పందిరి, ఒక పీట, పక్కన బొండాల గుట్ట. బొండం మూడు రూపాయలు, పెద్దదైతే నాలుగు. ఇప్పుడెంతే? పదిహేనా? నీళ్ళు అవేగా.

ఆ చోటు నాకు ఊరికే రాలేదు. రేవు పాటదారు గారు ఉండేవారు, రేవు వేలంలో పాడుకున్నాయన. చాలా మర్యాదస్తుడు, తిట్టినా "గారు" పెట్టి తిట్టేవాడు. ఆయన ముందే చెప్పేరు. "అమ్మగారూ, అంతర్వేది తీర్థం దాకా చూస్తానండీ. తీర్థానికి పంటు పంటుకీ జనం కుమ్మరించినట్టు దిగుతారు. చెయ్యి చురుగ్గా ఆడిందా, చోటు మీదే. ఆడకపోతే మాత్రం, చెరకురసం శ్రీను అడుగుతున్నాడండీ, మిషను పెట్టుకుంటానని. మరేం అనుకోకండి."

నేనేం అనుకోలేదు గానీ, రాత్రి అన్నం సయించలేదు. ఆ ఏడు మాకు చెట్టుమీదనించి వచ్చేది ఇంక ఆ నీళ్ళే. చోటు పోతే బొండాలు పట్టుకుని ఇంటింటికీ తిరగాలి. దానికి మునసబు గారి ఇంటి గోడలు ఒప్పుకున్నా ఆయన మనవడు ఒప్పుకోడు.

అసలు మీ తాతగారి సంగతి చెప్పలేదు గదూ. పొద్దున్నే చీకటితో సైకిలు మీద బొండాలు వేసుకొచ్చి దింపేసేవారు. తెల్లారి జనం రావడం మొదలెట్టేసరికి మాయం. ఎక్కడికి? ఎదురుగా టీ బడ్డీలోకి. అక్కడ నా వైపు వీపు పెట్టి, గోదారి వైపు మొహం పెట్టి కూచునేవారు. వరద ఎంత వచ్చిందో చూసి చెప్పమని గవర్నమెంటు వాళ్ళు జీతం ఇచ్చినట్టు. ఎవరైనా తెలిసినవాళ్ళు వచ్చి "ఆవిడెవరో మీ ఇంటావిడలా ఉన్నారేంటండీ" అంటే, "ఎవరూ?" అని ఆకాశం వైపు చూసేవారట.

సరే, కత్తి దగ్గరికి వస్తున్నాను. ఇంట్లో ఉన్న కత్తి కాయలు దింపే మనిషిది, ఎప్పుడో వదిలేసి వెళ్ళింది. ఏనుగంత బరువు. దాంతో పది బొండాలు కొట్టేసరికి భుజం నాది కాదు. పంటు కూత వేసే లోపల ఒక్కో మనిషికి కొట్టి ఇవ్వాలా, తాగాలా, ఎక్కాలా. నాకు ఆలస్యమై ఇద్దరు ముగ్గురు తాగకుండానే పరిగెత్తేరు. అందుకని నా చేతికి సరిపడా కొత్తది చేయిద్దాం అనుకున్నాను.

రాజోలు రోడ్డులో సోమాచారి అని కమ్మరి ఉండేవాడు. లారీ కమాను పట్టా సాగదీసి కత్తి చేసేవాడంటే రాయి మీద కొట్టినా అంచు తిరిగేది కాదు. కబురు పంపేను. "అమ్మగారు రావక్కర్లేదండీ, మోచెయ్యి నించి పిడికిలి దాకా ఒక ఈనెతో కొలిచి పంపితే చాలు, దించేస్తాను" అన్నాడట.

మనకి అన్నీ ఈనెతోనే గదమ్మా. గుమ్మానికి పరదా గుడ్డ కావాలంటే చీపుర్లోంచి ఓ ఈనె లాగడం, కొలవడం, తుంచడం. మీ నాన్నకి పదో క్లాసు దాకా చెప్పులన్నీ ఈనె కొలతే. పాదం పక్కన ఈనె పెట్టి తుంచి మీ తాతగారి చేతికి ఇచ్చేదాన్ని, బజారు నించి చెప్పులు వచ్చేవి. మీ నాన్న కాలు చెప్పుల షాపు మొహం చూడలేదు. ఆ చెప్పులు మాత్రం ఎప్పుడూ కరిచేవే. వాడు కుంటుకుంటూ తిరిగేవాడు. షాపువాడు దొంగ అనుకునేదాన్ని. ఇప్పుడు తెలుస్తోంది ఎందుకు కరిచేవో. ఏమండీ, వినపడుతోందా?

(తాతయ్య ఒక పేజీ తిప్పారు. ఆ పేజీ అంతా టెండరు ప్రకటనలే.)

ఈనె తీసేను. చెయ్యి చాపి మోచేతి ఎముక నించి పిడికిలి కణుపుల దాకా సరిగ్గా పెట్టి తుంచేను. మీ తాతగారికి ఇచ్చేను. "జాగ్రత్తండీ, ఇదే కొలత" అన్నాను. "నేను చిన్నపిల్లాడినా" అని చెవి మీద పెట్టుకుని సైకిలెక్కేరు.

కత్తి వచ్చింది. కాగితం విప్పేను. ఏవుందీ? జానెడు. మహా అయితే జానెడు మీద బొటనవేలు. పదును చూస్తే వెంట్రుక తెగుతుంది, పిడి చింతచేవ, నున్నగా తీసేడు. ముద్దుగా ఉంది. పసిపిల్లలకి మొలతాడుకి కట్టొచ్చు.

"ఇదేంటండీ, ఇంతేనా?" అన్నాను. "కొత్త ఫ్యాషనేమో" అన్నారు.

మర్నాడు రేవులో కూచుని కొట్టేను. ఎలా చెప్పాలి నీకు. బొండం వెడల్పుకంటే కత్తి కురచ. దెబ్బ వేస్తే కత్తి మొత్తం పీచులోకి వెళ్ళిపోయి, అవతలి అంచు తెగదు, నా కణుపులు వచ్చి బొండానికి గుద్దుకుంటాయి. అటు తిప్పి ఓ దెబ్బ, ఇటు తిప్పి ఓ దెబ్బ. కొట్టడం మానేసి చెక్కడం మొదలెట్టేను. ఎదురుగా నిలబడ్డాయన నర్సాపురం కోర్టు పని మీద వెళ్ళేవాడు, అటు పంటునీ ఇటు నన్నూ చూస్తున్నాడు. పంటు కూత వేసింది. సగం చెక్కిన బొండం చేత్తో పట్టుకునే పరిగెత్తేడు.

ఈ లోపల చెరకురసం శ్రీను వచ్చేడు. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా, "పిన్నిగారూ, తప్పుగా అనుకోకండి, బొండానికి గెడ్డం గీస్తున్నారా అండీ, క్రాపు కూడా చేస్తారా అండీ" అన్నాడు. "నీకు చేస్తాను, ఇలా కూచో నాయనా" అన్నాను. అన్నాను గానీ లోపల మండిపోయింది. సోమాచారి మీద మండింది. ఇంత పేరున్నవాడు కొలత ఇచ్చినా తప్పుతాడా అని.

మళ్ళీ చేయించాలి. తీర్థం దగ్గర పడుతోంది. ఈసారి మీ తాతగారే ఒక ఉపాయం చెప్పేరు. "ఈనె తుంచకు. పొడుగ్గా అలాగే ఉంచి, కొలత దగ్గర ఎర్రదారం కట్టు. అప్పుడు విరిగినా పర్వాలేదు" అన్నారు. ఆహా, ఎంత ముందుచూపు అనుకున్నాను. పిచ్చిమొహాన్ని. విరగడం ఎందుకు గుర్తొచ్చిందా అని ఆలోచించలేదు. ఎర్రదారం గట్టిగా రెండు ముళ్ళు వేసి కట్టి ఇచ్చేను.

రెండో కత్తి వచ్చింది. సైకిలు మీద కడ్డీకి కట్టి తెచ్చేరు, సంచిలో పట్టక. దూరం నించి చూసి ఎవరికో దండెం కర్ర తెస్తున్నారనుకున్నాను. విప్పితే, అమ్మా, నిలబెడితే నా నడుం దాకా వచ్చింది. పౌరాణిక నాటకాల్లో రాజు వేషం వాడు ఒరలోంచి లాగి, మళ్ళీ ఒరలో పెట్టలేక ఇబ్బంది పడతాడు చూడు, అలాంటిది.

"ఇదేంటండీ?" అన్నాను.

"పొడుగు చాలలేదన్నావు గదా" అన్నారు.

తీర్థానికి వారం లేదు. ఇంకేం చేస్తాను, దాంతోనే కూచున్నాను. పైకెత్తితే పందిరి తాటాకులు తెగి నా నెత్తి మీదే పడ్డాయి. దింపితే నేను కొట్టేది మధ్యలో, మొన మాత్రం ఎక్కడో ఊరవతల. పీట మీద కూచున్నానేమో, బొండానికి తగిలేలోపల మొన నేలకి తగిలేది, ఇసకలో పదును పోయేది. జనం దగ్గరికి రాకుండా అర్ధచంద్రాకారంగా నిలబడ్డారు. ఒకాయన అక్కడినించే డబ్బులు విసిరేడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మాస్టారు ఒకాయన ధైర్యం చేసి దగ్గరికొచ్చేడు. ఒక్క వేటు వేసేను. మూతతో పాటు సగం బొండం లేచిపోయింది, నీళ్ళన్నీ ఆయన జేబులోకి. అందులో పంటు టిక్కెట్టూ, ఇంకా ఏవో కాగితాలూ. ఆ మాస్టారు జేబు దులుపుకుని, "పర్లేదమ్మా, చల్లగా ఉంది" అన్నాడు. మనవాళ్ళ మర్యాదలే అంత.

పాటదారు గారు గొడుగు వేసుకుని వచ్చేరు. కత్తిని చూసి రెండడుగులు వెనక్కి వేసి అక్కణ్ణించే మాట్లాడేరు. "అమ్మగారూ, యుద్ధం ఏమన్నా ఉందా అండీ? ప్రయాణికులు భయపడి వేరే రేవు అడుగుతున్నారండీ. తీర్థం నాడు కూడా ఇలాగే అయితే... మరి మీరే ఆలోచించండి." వెనకాల శ్రీను నా పందిరి కింద నేలని అడుగులతో కొలుస్తున్నాడు. మిషను పడుతుందా లేదా అని.

ఆ పూట ఇంటికొచ్చి అనుకున్నాను. సోమాచారి సంగతి నేనే తేలుస్తానని. మర్నాడు రెండు కత్తులూ పాత తువ్వాలులో చుట్టేను, సంచిలో ఏడు బొండాలు వేసుకున్నాను, బస్సెక్కేను. కత్తి సంచిలోంచి మూరెడు బయటికొచ్చి నిలబడింది. నా పక్క సీట్లో ఎవరూ కూచోలేదు. కండక్టరు వచ్చి "అమ్మగారూ, దీనికి హాఫ్ టిక్కెట్టు కొట్టమంటారా అండీ" అన్నాడు.

కొలిమి దగ్గర దిగి, "ఏమయ్యా సోమాచారీ, నేను నీకేం అపకారం చేసేను?" అన్నాను. పాపం, తిత్తి వదిలేసి లేచి నిలబడ్డాడు. "నేను మీరు పంపిన ఈనెకి వెంట్రుకవాసి తేడా రానివ్వలేదండీ" అన్నాడు. "అయితే ఈనె ఏదీ?" అన్నాను. కత్తి పట్టుకెళ్ళినవాళ్ళు బాగుందని కబురు చేసేదాకా ఈనె దాచడం వాడికి అలవాటు. చూర్లోంచి రెండు ఈనెలు లాగి నా చేతిలో పెట్టేడు.

మొదటిది జానెడుంది. అది కాదు సంగతి. రెండు కొసలూ నమిలేసి ఉన్నాయి. కుంచెల్లాగ విచ్చుకుని ఉన్నాయి.

చూడగానే తెలిసిపోయిందమ్మా. నలభై ఏళ్ళ కాపురం. ఆ నోట్లోకి వెళ్ళొచ్చిన పుల్లని లక్ష పుల్లల్లో కలిపినా ఏరి తీస్తాను. మా ఇంట్లో చీపురు మూడు నెల్లు ఎందుకు నిలవదనుకున్నావు?

రెండోది చూస్తే ఈనె నిక్షేపంగా ఉంది. దారం లేదు. "ఇక్కడ ఎర్రదారం ఉండాలయ్యా" అన్నాను. సోమాచారి నేలచూపులు చూసేడు. "ఈనెకి దారం లేదండీ. బాబుగారు మాత్రం పళ్ళ సందులోంచి ఎర్రదారం ఏదో అటూ ఇటూ లాక్కుంటూ వచ్చేరండీ. మందేమో అనుకున్నాను" అన్నాడు.

"మరి అడగొద్దా, ఇదేం కొలతని?"

"అడిగేనండీ. మొదటిసారి, ఇంత కురచేంటి బాబూ అంటే, మా ఆవిడ పొట్టిమనిషి అన్నారండీ. రెండోసారి, ఇంత పొడుగేంటి బాబూ అంటే..." అని ఆగేడు.

"ఏమన్నారు, చెప్పు."

"ఈ మధ్య పెరిగింది అన్నారండీ."

నవ్వు, నవ్వు. నేనూ అక్కడ అలాగే నవ్వేను, కొలిమి బూడిదలో కూచుని. సోమాచారి మాత్రం నవ్వలేదు, మర్యాద కోసం. మొహం అటు తిప్పి తిత్తి ఊదేడు. అంత గట్టిగా ఊదక్కర్లేదు నిజానికి.

సరే, నీకు కావలసింది ఇప్పుడొస్తోంది, విను. "చెయ్యి చాపండమ్మా, మళ్ళీ కొలుస్తాను" అన్నాడు. "ఇంక ఈనె మాటెత్తకు" అన్నాను. అక్కడ గోడకి వరసగా ఎవరెవరివో కత్తులు వేలాడుతున్నాయి, వాళ్ళొచ్చి తీసుకెళ్ళాల్సినవి. ఒక చిన్న పీట అడిగి, దాని మీద రేవులో కూచున్నట్టే కూచున్నాను. నా బొండం ఎడమచేతిలో పెట్టుకుని ఒక్కో కత్తీ అడిగేను. మొదట మోచేతి కొలతకి సరిగ్గా ఉన్నదే తీసుకున్నాను, నేను ఈనె తుంచి పంపినంతది. కొట్టేను. అదీ పెద్దదే. ఆ కొలత నిలబడి కొట్టేవాళ్ళకమ్మా, చెట్టెక్కేవాళ్ళకి, మట్టలు నరికేవాళ్ళకి. వాళ్ళకి చేతి కింద గాలి ఉంటుంది. పీట మీద కూచున్నదానికి చేతి కింద నేల ఉంటుంది. అంటే మీ తాతగారు ఆ ఈనె ముట్టుకోకుండా బంగారంలా తీసుకెళ్ళి ఇచ్చినా, నా కత్తి తప్పే వచ్చేది. ఈ మాట ఆయనకి ఇప్పటిదాకా చెప్పలేదు. చెప్తే ఇంకో ముప్ఫై ఏళ్ళు చెప్పుకుంటారు.

(పేపరు నెమ్మదిగా కిందికి దిగింది. మామ్మ అటు చూడలేదు. మళ్ళీ పైకి వెళ్ళింది.)

ఒకటి తర్వాత ఒకటి చూసేను. నాలుగో దానికి చెయ్యి కుదిరింది. కూచుని చెయ్యి వదిలేస్తే మొన నేలకి తగలకూడదు. బొండం మీద అడ్డంగా పెడితే అవతలికి నాలుగు వేళ్ళు బయటికి రావాలి. అంతే లెక్క. ఆ నాలుగు వేళ్ళే దెబ్బకి బలం. అవి లేకపోతే చెక్కుడు, ఎక్కువైతే ఊపుడు. సోమాచారి ఆ పొడవాటి కత్తినే ఎర్రగా కాల్చి, ఉలి పెట్టి, నేను బొగ్గుతో గీసిన చోట నరికేసేడు. మళ్ళీ అంచు తీసి, నీళ్ళు పట్టించి సాయంత్రానికి ఇచ్చేడు. మిగిలిన బొండాలు వాడికే కొట్టిచ్చేను. మూడోది కొట్టేసరికి మా ఇద్దరికీ తెలిసింది, ఇంక చూసుకోనక్కర్లేదని.

ఇంటికి వచ్చేను. కంచం పెట్టేను, అన్నం వడ్డించేను, పప్పు వేసేను, నెయ్యి వేసేను. కంచం పక్కన చీపురుకట్ట కొత్తది, మొత్తం కట్ట, పెట్టేను. "ఇదెందుకు?" అన్నారు. "పళ్ళు కుట్టుకుంటారేమోనని" అన్నాను. నోట్లో ముద్ద గబుక్కున మింగేరు. "దార్లో హోటలువాడు పెసరట్టులో అల్లం ముక్కలు పెద్దవి వేసేడే" అన్నారు. ఇరుక్కున్న అల్లం తీయడానికి ఈనె కొస కొరికేరట. తర్వాత హోటల్లో ఎవరితోనో ఓట్ల గురించి వాదన వచ్చిందట. ఆయనకి వాదన వస్తే చేతిలో ఉన్నది ఒక్కో మాటకి ఒక్కో ముక్క విరిచి, కొస నమలడం అలవాటు. "మరి దారం?" అన్నాను. "ఈనె ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. శ్రీనుగాడు మర్యాద చేసి చెరకు ముక్క ఇచ్చేడు, పీచు ఇరుక్కుంది. దారం గురించి ఒట్టు పెట్టుకోలేదు గదా" అన్నారు.

ఇంకేం తిడతావు అలాంటి మనిషిని.

తీర్థం వచ్చింది. మొదటి పంటు దిగింది చూడూ, జనం, జనం. సంచులు, పిల్లలు, ముసలాళ్ళు, మొక్కుబడి మూటలు. నేను పీట మీద కూచుని కొంగు బిగించేను. బొండం చేతిలోకి రావడం, మూడు దెబ్బలు ఏటవాలుగా, నాలుగో దెబ్బకి మూత టోపీలా లేవడం. చుక్క ఒలకలేదు. ఇవ్వడం, ఇంకోటి అందుకోవడం. భుజం నొప్పి లేదు, మణికట్టు నొప్పి లేదు. రెండో పంటు, మూడో పంటు. ఎవరూ తాగకుండా పరిగెత్తలేదు. పాటదారు గారు గొడుగుతో వచ్చి నిలబడ్డారు. ఈసారి దగ్గరికే వచ్చేరు. తనే ఒకటి పుచ్చుకుని తాగి, మూతి తుడుచుకుని, శ్రీనుని పిలిచేరు. "నువ్వు ఆ వేపచెట్టు కింద పెట్టుకో నాయనా మిషను. ఇది అమ్మగారి చోటు" అన్నారు. శ్రీను ఊరుకుంటాడా, "ఆయ్, పిన్నిగారి పక్కనైతే నా రసం చప్పగా ఉంటుందిలెండి" అని నాకో దండం పెట్టి వెళ్ళేడు. నాకు ఆ దండం చాలా రుచిగా ఉంది.

మధ్యాహ్నం ఎండ నడినెత్తికి వచ్చింది. వరస ఇక్కణ్ణించి టీ బడ్డీ దాకా ఉంది. నేను తల ఎత్తకుండా కొడుతున్నాను. ఎక్కడో వరస మధ్యలో గొడవ వినపడింది. ఎవరో తోసుకొస్తున్నారని. "ఏంటండీ, పెద్దవారు, వరసలో రండి" అంటున్నాడు ఒక కుర్రాడు. చూద్దును గదా, మీ తాతగారు. నెత్తిన తువ్వాలు, చంకన గొడుగు. వీపు కాదు, మొహం నా వైపు.

"నేను ఆవిడ మొగుణ్ణండీ" అన్నారు. గట్టిగా. పంటు మీదవాళ్ళకి కూడా వినపడి ఉంటుంది.

"మొగుడైతే మాత్రం ఏంటండీ, ఎండ అందరికీ ఒకటే, వెనక్కి వెళ్ళండి" అన్నాడు ఆ కుర్రాడు.

ఆయన నా వంక చూసేరు. నేను ఏమైనా అంటానేమోనని. నేను ఇంకో బొండం అందుకున్నాను. మనిషి బుద్ధిగా వెళ్ళి చిట్టచివర నిలబడ్డారు. ముందువాడితోనూ, తర్వాతొచ్చి వెనక చేరినవాడితోనూ చెప్తున్నారు, అదిగో, ఆ కొట్టేది మా ఇంటావిడండీ, ఆ చెయ్యి చూడండీ, ఆ కత్తి మేమే దగ్గరుండి చేయించేమండీ అని. దగ్గరుండి. వినపడుతూనే ఉంది నాకు. గుట్టలో ఒక లేత బొండం కనపడితే కొట్టకుండా పీట వెనక్కి దొర్లించేను. ఆయన వరస వచ్చేసరికి అర్ధగంట పట్టింది.

అదమ్మా. నువ్వు కత్తి చేయించుకో, నీ చేత్తో నువ్వు చూసుకుని మరీ చేయించుకో. మీ ఆయన ఎండలో నిలబడితే మరీ అర్ధగంట ఉంచకు, పావుగంట చాలు. ఇద్దరూ పచ్చగా, చల్లగా, ఒకళ్ళ దాహం ఒకళ్ళు చూసుకుంటూ నూరేళ్ళు... ఏంటి, అప్పుడే చెప్పులు వెతుకుతున్నావు? కూచో, కందాబచ్చలి పెట్టేను, తినేసి వెళ్దువు గాని. ఆ సెల్లు ఇంకా వింటోందా? దానిక్కూడా ఏమైనా పెట్టమంటావా...